తెరకు వెనక కూర్చున్నవాళ్లు

సభలకు తెరలు తయారు చేయడం కూడా ఒక వృత్తేనా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది. జనగామలో ఒక వర్క్‌షాపులో నా పని వయసంతా గడిచింది. చుట్టి భుజాన వేసుకుని ఎక్కడికైనా మోసుకుపోగలిగే ప్రొజెక్టరు తెరలు తయారు చేశాను. మీటింగుల్లో గోడ మీద బొమ్మ వేసి చూపిస్తారు గదా, గోడ లేని చోట నిలబెట్టే తెల్లగుడ్డ అది. గుడ్డే గదా అంటారు. నేనూ మొదట్లో అలాగే అన్నాను.

ఇప్పుడు ఆఫీసులకు గోడంత టీవీలు వచ్చేశాయి. ఈ మధ్య ఒక ఫంక్షన్ హాల్లో భోజనానికి కూర్చుంటే, నా చేతి తెర ఒకటి వంట పొయ్యిలకు గాలి తగలకుండా అడ్డం నిలబడి ఉంది. గాలికి కదలడం లేదు. అది కదలకుండా నిలబడటానికి మేము పడ్డ పాట్లు ఆ వంటవాళ్లకు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇంకొకరు వాడబోయే వస్తువును ఆలోచించి తయారు చేసే పనిలోకి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు అన్నవి వదిలేస్తాను. శాలువాలైతే ఉన్నాయి. చలికాలం కప్పుకుంటున్నాను.

సేటు, నేను, గ్రంథాలయం

మా వర్క్‌షాపు యజమానిని అందరూ సేటు అనేవాళ్లు. వాళ్లది తరతరాలుగా ఇనుము, సిమెంటు అమ్మే ఇల్లు. బడులకు నల్లబల్లలు, సభలకు మైకు బల్లలు చేయించి అమ్మడం ఆయనతోనే మొదలైంది. చదువు తక్కువ, చూపు ఎక్కువ. ఏ కొత్త వస్తువు చేసి ముందు పెట్టినా మొదట చేత్తో ఎత్తేవాడు. బాగుందా లేదా అన్నది ఆ తర్వాత.

"యాదగిరీ, గిది వట్టుకొని తొర్రూరు బస్సెక్కు. ఎక్కి దిగినంక మాట్లాడుదాం," అనేవాడు.

నాకు ఇంజినీరింగు చదువు లేదు. పదో తరగతి దగ్గర ఆగిపోయాను. కానీ మా ఊరి గ్రంథాలయం నన్ను ఆగనివ్వలేదు. సాయంత్రం వర్క్‌షాపు మూసేసరికి చేతులకు గ్రీజు ఉండేది. గ్రంథాలయం పంపు దగ్గర సబ్బు నేనే కొని పెట్టుకున్నాను. కాంతి గురించి ఉన్న పుస్తకాలన్నీ అక్కడే చదివాను. ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి ఒక సాయంత్రం చొప్పున చదివిన రోజులున్నాయి. కాలేజీలో చదివినవాళ్లు పరీక్ష కోసం చదివి వదిలేస్తారు. నేను చదివింది మర్నాడు పొద్దున గుడ్డ మీద వేసి చూసుకునేవాణ్ని. ఈ విషయంలో నాకు గర్వం ఉంది. దాచుకోవాలని లేదు.

మొదట్లో మాకు రెండు రకాల గుడ్డలు దొరికాయి. ఒకటి సన్నని గాజు పూసల పొడి అంటించిన మెరిసే గుడ్డ. రెండోది సున్నం వేసిన గోడలాంటి గరుకు తెలుపు. మెరిసే గుడ్డ మీద బొమ్మ వేసి చూపిస్తే సేటు మొహం వెలిగిపోయింది.

"గిదే కానీయి. సినిమా లెక్కనే ఉంది."

"మీరు సరిగ్గా నడిమిట్ల కూసున్నరు సేటూ. జర కుర్చీ ఆ మూలకు జరుపుండ్రి."

జరిపాడు. మూల నుంచి చూస్తే బొమ్మ బూడిద రంగులోకి మారిపోయింది. మెరిసే గుడ్డ వెలుగును ఎదురుగా ఉన్నవాడికి ఎక్కువ, పక్కన ఉన్నవాడికి తక్కువ ఇస్తుంది. గరుకు గుడ్డ అందరికీ సమానంగా పంచుతుంది. పుస్తకంలో చదివింది ఇదే. సేటు కుర్చీలోనే ఉండి కాసేపు ఆలోచించాడు.

"ముంగట కూసున్నోడే గదా మనకు ఆర్డరిచ్చేది?"

ఈ మాట మీద మీరూ ఆలోచించండి. ఆయన తప్పు మాట అనలేదు. ఏ వస్తువుకైనా కొనేవాడు ఒకడు, వాడేవాడు ఒకడు. కొనేవాడు ముందు వరసలో కూర్చుంటాడు. చివరికి సేటు గరుకు గుడ్డకే ఒప్పుకున్నాడు. నా వాదన నెగ్గలేదు, ఆ గుడ్డ దొరకడం తేలిక అంతే. పని చేసే చోట చాలా మంచి నిర్ణయాలు ఇలాంటి కారణాలతోనే జరుగుతాయి. కారణం గురించి పేచీ పెట్టుకోకండి.

పుస్తకంలో ఇంకొక మాట కూడా ఉంది. గుడ్డ కొంత వెలుగును వెనక్కి వదిలేస్తుంది, వెనక నల్లగుడ్డ కుడితే బొమ్మ చిక్కబడుతుంది అని. కుట్టించి చూశాం. సేటు ఎత్తి చూసి కింద పెట్టాడు.

"బరువైంది. తీసెయ్యి."

తీసేశాం. ముందు నుంచి చూస్తే తేడా కొంచెమే. వెనక నుంచి చూసేవాడు ఎవడుంటాడని ఎవరికీ తోచలేదు.

గాలి, అంచు, దుమ్ము

మా తెర ఎలా ఉండేదంటే, కింద మడిచే కాళ్లున్న పొడుగాటి రేకు డబ్బా. అందులో దుకాణం షట్టరుకు ఉండేలాంటి స్ప్రింగు, దానికి చుట్టుకున్న గుడ్డ. డబ్బా వెనక ఒక కడ్డీ నిలబెట్టి, గుడ్డను పైకి లాగి కడ్డీ కొసన కొక్కేనికి తగిలిస్తే తెర తయారు. కొక్కెం తప్పిస్తే గుడ్డ సర్రున డబ్బాలోకి పోతుంది. చెప్పడానికి తేలికే.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బడిలో తల్లిదండ్రుల సభకు మొదటి తెర ఇచ్చాం. కొద్ది వారాలకే గుడ్డ అంచులు రెండు పక్కలా లోపలికి ముడుచుకున్నాయి. తెర మీద పిల్లల ఫోటో వేస్తే చివర నిలబడ్డవాళ్లంతా సన్నగా, వంకరగా కనిపించారు. "మా పోరడు బడికొచ్చి గింత బక్కగైండా?" అని ఒక తల్లి అడిగింది. అందరూ నవ్వారు. ప్రధానోపాధ్యాయుడు మాత్రం నవ్వలేదు. తర్వాత అంచులను విల్లులా కొంచెం లోపలికి కత్తిరించి, ఆ వంపు వెంట సన్నని తాడు కుట్టించి బిగించాం. అంచులు మళ్లీ ముడుచుకోలేదు.

దేవరుప్పులలో రైతుల సభ చెట్ల కింద పెట్టారు. గాలి ఒక్కసారిగా లేచి, తెర పోయి మాట్లాడుతున్న అధికారి మీద పడింది. చాయ గ్లాసు సహా ఆయన కింద, తెర పైన. ముందు వరసలో ఒక ముసలాయన, "సారుకు దగ్గరికెల్లి సూడాలనిపిచ్చినట్టుంది," అన్నాడు. ఆ సభలో ఎరువుల గురించి ఎవరికీ ఏమీ గుర్తుండి ఉండదు. డబ్బా కాళ్లకు బరువు పెంచితే బస్సులో మోయలేం. ఆలోచించి ఆలోచించి ఖాళీ గోనె సంచులు కట్టుకుని పోవడం మొదలుపెట్టాం. మట్టి లేని ఊరు ఉండదు. అక్కడే నింపుకుని కాళ్ల మీద వేస్తే సరిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఏ ఊరి మట్టి ఆ ఊళ్లోనే పోసి రావడం.

భూపాలపల్లి బొగ్గు గనుల వైపు పోతే గాలి కాదు, దుమ్ము. నల్లటి మెత్తటి దుమ్ము డబ్బా నోట్లోంచి లోపలికి పోయి గుడ్డతో పాటు చుట్టుకునేది. విప్పితే తెర నిండా నిలువు చారలు. ఒక సూపర్‌వైజర్ చూసి, "వానకాలం సినిమా తెచ్చినవా అన్నా?" అన్నాడు. డబ్బా నోటికి మెత్తటి కుంచె పట్టీలు పెట్టాం. గుడ్డ లోపలికి పోయేటప్పుడు దుమ్ము తుడుస్తాయని. కొన్నాళ్లు తుడిచాయి. ఆ తర్వాత దుమ్మంతా కుంచెల్లోనే పేరుకుని అవే చారలు గీయడం మొదలుపెట్టాయి. అప్పుడు కుంచెలు ఊడదీసి కడుక్కునేలా మార్చాం. కొన్నవాళ్లు ఎవరూ కడగలేదు.

ఇలాంటివి రాస్తూ పోతే చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి సరిచేసిన రోజు ఇక తెర పూర్తయిందనే అనుకునేవాణ్ని. అలా అనుకోవడంలో కూడా ఒక అలసట ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక సభ గురించి.

తండా బడి

తొర్రూరు దాటి లోపలికి పోతే ఒక లంబాడీ తండా ఉంది. దాని పక్కనుంచి కొత్తగా ఒక కాలువ తవ్వాలని నిర్ణయమైంది. ఎవరి పొలాలు కాలువలోకి పోతాయో భూముల పటం, అంటే నక్షా చూపించి చెప్పడానికి సభ పెట్టారు. ప్రొజెక్టరు, తెర మా దగ్గర కిరాయికి తీసుకున్నారు. నిలబెట్టడానికి నేను పోయాను. ఏ ఆఫీసు, ఎవరు అన్నది అవసరం లేదు. వచ్చిన అధికారి చిన్న వయసువాడు, మర్యాద ఉన్నవాడు. ఆ నెలంతా ఊరూరూ తిరిగి బాగా అలిసిపోయి ఉన్నాడు.

జనం చేలనుంచి వచ్చేది పొద్దుగూకే వేళ. బడి ముందు ఆవరణ, వెనక వరండా. వరండాకు కొంచెం ముందు తెర నిలబెట్టి, గేటు దగ్గర ప్రొజెక్టరు పెట్టాను. అధికారులు, పెద్దమనుషులు కుర్చీల్లో, మగవాళ్లు నేల మీద, అందరూ ఆవరణలో తెరకు ఎదురుగా కూర్చున్నారు. మిరపకాయ ఏరి వచ్చిన ఆడవాళ్లు నెత్తి మీదికి కొంగు లాక్కుని, పక్కనుంచి చుట్టూ తిరిగి వరండా ఎక్కారు. అంటే తెరకు వెనక.

"అమ్మా, ముంగటికి రాండ్రి," అన్నాను.

కుర్చీలో ఉన్న తండా పెద్ద నన్ను వారించాడు. "మామల ముంగట కోడండ్లు కూసోరయ్యా. ఆడోళ్లు ఎప్పుడూ గాడనే కూసుంటరు. నువ్వు నీ పని జేస్కో."

"మాకు గీడికెల్లి మంచిగనే కనవడ్తంది," అని వరండా మీదనుంచి ఎవరో అన్నారు.

కనబడుతుంది. వెనక నల్లగుడ్డ లేదు కాబట్టి బొమ్మ అటు పక్కకూ దిగుతుంది. ఒక తెరకు రెండు పక్కలా జనం. చూసి నాకు ముచ్చటగా అనిపించింది.

అధికారి మైకు తీసుకున్నాడు. "ఆ ఎర్ర గీత చూడండి. అదే కాలువ. గీతకు ఎడమ పక్కన ఉన్న పొలాలు కాలువకు, కట్టకు పోతాయి. కుడి పక్కన ఉన్నవాటికి ఏ ఇబ్బందీ లేదు. ఎవరి పొలం ఎటు పడిందో చూసుకోండి. పోయే పొలంలో బావి గానీ, చెట్లు గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి. అభ్యంతరం ఉన్నా ఇప్పుడే చెప్పాలి. సంతకం పెట్టాక చెప్తే నేనేమీ చేయలేను."

ఎడమ, కుడి అని మళ్లీ మళ్లీ చెప్పాడు. జాగ్రత్తగానే చెప్పాడు. ముందు కూర్చున్న మగవాళ్లలో గొడవ మొదలైంది. ఒకరు లేచి, ఒకరు కూర్చుని, అధికారి చుట్టూ మూగారు.

గాలికి తెర కొంచెం ఊగుతుంటే మట్టి సంచులు సర్దడానికి నేను వెనక్కి పోయాను. వరండా అంచున కూర్చున్న ఒకామె పక్కవాళ్లకు తెర మీదికి చెయ్యి చాపి చూపిస్తోంది. నన్ను చూసి తమ భాషలోంచి తెలుగులోకి మారింది.

"గిదే గదన్నా వాగు మలుపు? మలుపు కాడ గిది మా చెల్క. ఎర్ర గీతకు కుడి దిక్కు వడ్డది. బతికినం తియ్యి."

ఆమె పేరు ద్వాళి. భర్త చనిపోయాడు. కొడుకులు లేరు. ఆ చెల్క మెట్ట పొలం. అందులో మిరప తోట, భార్యాభర్తలిద్దరూ తవ్వుకున్న బావి. ఇవన్నీ ఆమె ఆ సంతోషంలో తనంత తానే చెప్పింది. పక్కనున్న ఒక చదువుకున్న కోడలుపిల్ల, "అత్తా, అంకెలు ఉల్టా ఉన్నయే," అంది.

"ఇంగ్లీషు అంకెలు గట్లనే ఉంటయేమో, ఊకో," అంది ద్వాళి. అందరూ నవ్వారు.

నేను తల ఎత్తి చూశాను. అంకెలు ఉల్టాగానే ఉన్నాయి. అద్దంలో చూసినట్టు నక్షా అంతా తిరగబడి ఉంది. వెనకనుంచి చూసేవాళ్లకు కుడి అంటే ముందున్నవాళ్లకు ఎడమ. మిగతా ఆడవాళ్లకు ముందు భర్తో మామో ఉన్నాడు, వాళ్ల పొలం సంగతి అతను చూసుకుంటాడు. ద్వాళికి ద్వాళే. ఆమె చెల్క కాలువలోకి పోతోంది. ఆమె మాత్రం బతికినం అంటోంది.

పాడైన తెర

అధికారి దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు.

"వాళ్లను ముందుకొచ్చి చూసుకోమనండి."

"రారు సార్."

"రాకపోతే నేనేం చేయాలి యాదగిరి గారూ? చీకటి పడుతోంది. ఇంకా ఎన్ని తండాలున్నాయో మీకు తెలుసు."

"ఒక్కసారి మీరే వెనక్కొచ్చి కూసోండి సార్."

ఆయన వచ్చాడు. ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. వరండా మెట్టు మీద కూర్చుని తెరవైపు చూశాడు. మొహం చూస్తే అర్థమైందని తెలిసింది. కానీ లేవలేదు. ఆ మెట్టు మీద ఆయన ఏం ఆలోచించాడో ఊహించగలను. ఇప్పుడు ఆపితే మళ్లీ సభ, పైవాళ్ల ప్రశ్నలు, ఎందుకు ఆపావో రాయాలి. ఏమని రాయాలి? ఆడవాళ్లు వెనక కూర్చున్నారనా?

ఈలోగా అధికారి వెంట వచ్చిన గుమాస్తా ఒప్పుదల కాగితాలు పట్టుకుని వరండా ఎక్కాడు. వేలిముద్రలు తీసుకుంటూ వస్తున్నాడు. ద్వాళి బొటనవేలు చాపింది.

నేను కొక్కెం తప్పించాను.

గుడ్డ సర్రున కిందికి దిగి డబ్బాలో పడింది. ఆ చప్పుడుకు అందరూ ఇటు తిరిగారు. వేలిముద్రలు ఆగితే చాలనుకున్నాను. తర్వాత జరిగింది నేను అనుకున్నది కాదు. అడ్డం ఉన్న తెర పోవడంతో ప్రొజెక్టరు వెలుగు నేరుగా వరండాలోకి వచ్చింది. నక్షా ఆడవాళ్ల మొహాల మీద, కొంగుల మీద, వాళ్ల వెనకున్న బడి గోడ మీద పడింది. వెలుగు కళ్లలో పడి వాళ్లంతా వెనక్కి తిరిగారు. గోడ మీద నక్షా పెద్దగా, మసకగా ఉంది. కానీ సరైన వైపున ఉంది.

ద్వాళి వేలు అలాగే గాలిలో ఉంది.

"ఏందన్నా గిది? మా చెల్క అటు దిక్కు వోయింది?"

నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆమె గోడ దగ్గరికి పోయి వాగు మలుపు మీద చెయ్యి పెట్టింది. ఆమె నీడే నక్షా మీద పడి అంతా నల్లబడింది. పక్కకు జరిగి మళ్లీ చూసింది. తర్వాత గుమాస్తా వైపు తిరిగి వేలిని కొంగుకు తుడుచుకుంది.

అధికారి మెట్టు మీదినుంచి లేచాడు. మైకు దగ్గరికి పోయి మామూలు గొంతుతో చెప్పాడు. "తెర పాడైంది. సభ ఇవాళ్టికి ఆపేస్తున్నాం. మళ్లీ పెడతాం. వేసిన వేలిముద్రలు చెల్లవు."

ఆయన రాసుకోవడానికి ఒక కారణం దొరికింది. నన్ను చూడకుండానే జీపు ఎక్కాడు. నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో చాలామంది ఆ మాట కూడా అనేవాళ్లు కాదు.

మర్నాడు సేటు నన్ను పిలిచాడు. ఆఫీసు వాళ్లు ఫోన్లో చెప్పేశారు.

"మన తెర ఖరాబైందట. నడిసభల కూలవడ్డదట. ఏమైంది?"

జరిగింది చెప్పాను. విన్నంతసేపు టేబుల్ మీది స్ప్రింగు ముక్కను వేళ్లతో నొక్కుతూ కూర్చున్నాడు.

"మంచిపనే జేసినవ్ యాదగిరీ. గని, మన పేరు మీద జేసినవ్."

ఆ ఆఫీసు ఆ తర్వాత తెరలన్నీ హైదరాబాదులో కొన్నది. గాలికి పడిన తెర, చారలు పడ్డ తెర, అంచులు ముడుచుకున్న తెర, వీటిలో ఏదీ కాగితం మీదికి ఎక్కలేదు. ఏ లోపమూ లేకుండా నిలబడ్డ తెర మాత్రం పాడైనట్టు రాసి ఉంది. మన పేరు మీద చేశావన్న మాట సేటు ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు ఎత్తేవాడు, అన్నం తింటూ ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. కానీ ఆ రోజు నేను గది దాటి పోతుంటే వెనకనుంచి అడిగాడు.

"నల్లగుడ్డ ఎంత బరువుంటది?"

నల్లగుడ్డ

ఆఫీసు ఇంకా హైదరాబాదు తెరలకు మారకముందే తండాలో మళ్లీ సభ పెట్టారు, ఆ అధికారి మా తెరనే తెమ్మన్నాడు. మాకోసం ఆయన చేయగలిగింది అంతవరకే. ఈసారి గుడ్డ వెనక నల్లగుడ్డ కుట్టించి తీసుకుపోయాను. మోస్తే భుజానికి బరువు తెలిసింది. తెరను వరండా ముందు కాకుండా వరండా కొసన, మూలకు తిప్పి నిలబెట్టాను. ఆవరణలో కూర్చున్నవాళ్లకు, వరండాలో కూర్చున్నవాళ్లకు ఒకే పక్క కనిపించేలా. ఎవరినీ ముందుకు రమ్మనలేదు. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చున్నారు. చూపించడం మొదలయ్యే ముందు నేను పోయి వరండా చివర, అందరికంటే వెనక ఉన్న స్తంభం దగ్గర కూర్చుని చూశాను. అంకెలు సరిగ్గా ఉన్నాయి.

మీకు నేను చెప్పగలిగే పని సలహా ఇదొక్కటే. నిలబెట్టిన తర్వాత చుట్టూ ఒకసారి తిరగండి. ఆఖరున కూర్చునే మనిషి ఎక్కడ కూర్చుంటుందో కనుక్కుని అక్కడ కూర్చోండి. పుస్తకాలు నాకు వెలుగు ఎటు పోతుందో నేర్పాయి. మనుషులు ఎటు కూర్చుంటారో పుస్తకంలో లేదు. అది తెలుసుకున్నంత మాత్రాన అన్నీ సరిపోతాయని కూడా అనుకోకండి.

ద్వాళి ఆ రోజు వరండా మీద ముందుగానే వచ్చి కూర్చుంది. నక్షా పడగానే నవ్వలేదు, చెయ్యి చాపలేదు. అధికారి ఎడమ, కుడి చెప్పడం అయిపోయాక లేచి నిలబడింది. మామలు, పెద్దలు ఉన్నారని కొంగు మొహం మీదికి లాక్కుని, కొంగు లోపలినుంచే గట్టిగా మాట్లాడింది.

"గది మా చెల్క సారూ. బావి ఉన్నది. నేను, మా ఆయన తవ్వినం. కూలోళ్లను వెట్టలే. గీత జర అటు జరుపుండ్రి."

"గీత నేను గీసింది కాదమ్మా. పైన ఇంజినీర్లు గీశారు. నీళ్లు పోయే వాలు అది."

"వాలు మాకు తెల్వదా? వాగు అటు దిక్కు బీడు భూమి ఉంది. గాడికెల్లి పోదా?"

"రాసుకుంటానమ్మా. పైకి పంపిస్తాను."

రాసుకున్నాడు. బావి ఉందని రాసుకున్నాడు. మొదటిసారి వేలిముద్ర పడి ఉంటే ఆ బావి పరిహారం లెక్కలోకే వచ్చేది కాదు. ఇంటికి పోతూ దారంతా నాకు నేను చెప్పుకున్న మాట ఇదే, బావి రాసుకున్నారని. గీత తర్వాత కూడా జరగలేదు. కాలువ ఇప్పుడు అక్కడే ఉంది. తొర్రూరు బస్సులో పోతే కట్ట కనిపిస్తుంది. నేను కిటికీ పక్కన కూర్చోను.

సభ అయిపోయి జనం లేచిపోయారు. మసక వెలుతురు ఉంది. ప్రొజెక్టరు ఇంకా ఆపలేదు. నక్షా తెర మీద అలాగే ఉంది. మట్టి సంచులు విప్పి పోస్తుంటే ద్వాళి వరండా దిగి వచ్చింది. తెర ముందు ఒక నిమిషం నిలబడి, చుట్టూ తిరిగి వెనక్కి పోయింది.

"అన్నా, గీడ ఏం కనవడ్తలేదేంది?"

"నల్లగుడ్డ కుట్టిచ్చిన అక్కా. అటు దిక్కు కనవడదు."

"మొదటిసారి గీడికెల్లి మంచిగ కనవడె గదా."

"గది ఉల్టా కనవడ్డదక్కా. తప్పు కనవడ్డది."

"ఉల్టా అయితేంది? మా చెల్క ఉండె."

ఆమె మొహం నాకు కనబడటం లేదు. మా ఇద్దరి మధ్య తెర ఉంది. నల్లగుడ్డ మీద ఆమె అరచెయ్యి పెట్టినట్టుంది. ఇటు పక్కన తెల్లగుడ్డ, వాగు మలుపు దగ్గర, కొంచెం ముందుకు పొంగింది. బస్సు వేళ మించిపోతోంది. కొక్కెం తప్పిస్తే గుడ్డ సర్రున డబ్బాలోకి పోతుంది. నేను చేసిన స్ప్రింగే, దాని వేగం నాకు తెలుసు.

ఆమె చెయ్యి తీసేదాకా నేను కొక్కెం ముట్టుకోలేదు.